పక్కవాళ్ళ వాక్యం

నాలుగో రోజు

ఓడ ఎక్కి నాలుగు రోజులైంది, తరగతి మొదలై మూడు. ఇరవై ఆరు మంది పెద్దవాళ్ళు, ఒక నల్లబోర్డు, గోడకి ఒక చెవి. చెవి అంటే పళ్ళెమంత గుండ్రటి పెట్టె. దాని ముందు నిలబడి ఎవరైనా ఇంగ్లీషులో మాట్లాడితే అంచున పచ్చ దీపం వెలుగుతుంది. ఆ వాక్యానికి పదికి ఎన్ని మార్కులో కూడా చూపిస్తుంది. తెలుగులో ఎంత అరిచినా ఉలకదు, పలకదు. మా వాళ్ళు దానికి దండం పెట్టి మరీ లోపలికి వస్తున్నారు. వద్దని చెప్పీ చెప్పీ ఊరుకున్నాను.

ఓడవాళ్ళకి ఇవ్వాల్సిన నివేదిక వేరే ఉంది. అందులో హాజరు, మార్కులు తప్ప మరేమీ రాయకూడదట. నాకేమో పాఠం చెప్పాక ఆ రోజు ఏం జరిగిందో ఎవరికో ఒకరికి చెప్పుకోకపోతే అన్నం సహించదు. నా భార్య హైమ దగ్గర లేదు కాబట్టి ఈ నోటుపుస్తకం.

ఈ రోజు 'బిగ్గర్' పాఠం. వంటగదిలో రెండు ఉల్లిపాయలు అడిగి తెచ్చాను. రెండూ చెక్కు చెదరకుండా తిరిగి ఇస్తానని వంటమనిషి నా చేత మాట తీసుకున్నాడు, ఈ ఓడలో ఉల్లిపాయ అంటే ఆషామాషీ కాదు. పెద్దదాన్ని ఎత్తి పట్టుకుని 'దిస్ ఆనియన్ ఈజ్ బిగ్గర్ దేన్ దట్ ఆనియన్' అన్నాను. అందరికన్నా ముందు అందుకున్నది సంగాడి ధనకొండ. యాభై ఎనిమిదేళ్ళ మనిషి. లంకలు మునిగిపోకముందు ఎండుచేపలు అమ్మేది. బేరాలాడిన నోరు కదా, కొత్త మాటైనా చటుక్కున తిరుగుతుంది.

ఆమె పక్కన చెల్లెలు కాసులమ్మ. అక్క ఏమంటే అదే అంటుంది, అక్క ఎటు చూస్తే అటే చూస్తుంది. ఇద్దరి భర్తలూ ఒకే పడవలో వేటకి వెళ్ళి తిరిగి రాలేదు. ఊరు మునిగాక పదకొండేళ్ళు రేకుల షెడ్ల శిబిరంలో ఇద్దరూ ఒకే చాప మీద పడుకున్నారు. ఇదంతా హాజరు పట్టీ రాస్తున్నప్పుడు ధనకొండే చెప్పింది. కాసులమ్మ తన పేరు తప్ప ఏమీ చెప్పలేదు.

చివర్లో 'గుడ్' నుంచి 'బెటర్' వస్తుందని చెప్తే ధనకొండ చెయ్యెత్తి, 'బిగ్' కి 'బిగ్గర్' అయినప్పుడు 'గుడ్' కి 'గుడ్డర్' ఎందుకు కాదని నిలదీసింది. నాకు తెలీదన్నాను.

"తెల్దని ఒప్పుకునే మాస్టర్ని ఇప్పుడే చూత్తన్నానండి" అంది.

అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. ఈ తరగతి నాకు నచ్చింది.

ఎనిమిదో రోజు

మొదటి చుట్టులో ఓడ మూడు ఊళ్ళ దగ్గర ఒక్కో రోజు ఆగుతుంది. దిగి, తిరిగి, చూసి రావడమే. రెండో చుట్టులో ఎవరికి కేటాయించిన ఊళ్ళో వాళ్ళని దింపేస్తారు. ఒకసారి కుదురుకుంటే ఇక జీవితాంతం అదే ఊరు. ఊరికీ ఊరికీ మధ్య ప్రయాణాలు ఉండవు, రెండు నెలలకోసారి ఉత్తరాలు మాత్రం వెళ్తాయి. పాత బ్యాచ్‌లలో నేను ఇవేమీ పట్టించుకోకుండా పుస్తకంలో ఉన్న ఏనుగు, ఎలక బొమ్మలతోనే పాఠం చెప్పేవాణ్ణి. ఈసారి ఊళ్ళనే పాఠం చేశాను. దిగి చూసిన ఊరిని అంతకుముందు చూసినదాంతో పోల్చి వాక్యం చెప్పాలి. ఏనుగు కన్నా ఊరే బాగా పనిచేస్తోంది, ఎందుకంటే ఎండ తగిలిన ఒంటికి 'హాటర్' అంటే ఏమిటో విప్పి చెప్పక్కర్లేదు.

నిన్న ఆగిన ఊరికి మా వాళ్ళు ఉప్పులంక అని పేరు పెట్టారు. అసలు పేరు ఎవరి నోరూ తిరగదు. కనుచూపు మేర ఉప్పుమడులు, కాళ్ళు కాలే ఇసుక, తాటాకు లాంటి ఏవో కప్పులు. ఒక్క రోజులోనే చెవి కూడా ఈ పేరుకి అలవాటు పడిపోయింది, 'ఉప్పులంక' అంటే దీపం తడబడకుండా వెలుగుతోంది.

తరగతిలో ధనకొండ లేచి 'ఉప్పులంక ఈజ్ హాటర్ దేన్ ది షిప్' అంది, తొమ్మిది మార్కులు. కాసులమ్మ లేచి అదే వాక్యం అంది. ధనకొండ ఇంకోటి చెప్పింది, కాసులమ్మ అదీ చెప్పింది. నాకు చిర్రెత్తుకొచ్చింది. ఇరవై రెండేళ్ళ సర్వీసులో నేను సహించనిది కాపీ ఒక్కటే. అందుకే అక్కడికక్కడ నియమం పెట్టాను: పక్కవాళ్ళ వాక్యం మళ్ళీ చెప్పకూడదు, ఎవరి వాక్యం వాళ్ళే కట్టుకోవాలి.

కాసులమ్మ చాలాసేపు చీర కొంగు మెలిపెడుతూ నిలబడింది. చివరికి అక్కతో కాకుండా నాతోనే మాట్లాడింది.

"అక్క సెప్పిందే నాకూ అనిపిత్తందండి. ఏరేది సెప్తే అబద్దం అయిపోద్ది కదండి."

నిజమో అబద్ధమో ఎవరూ అడగరనీ, వాక్యం సరిగ్గా ఉంటే చాలనీ చెప్పాను. "ఇది పాఠం అమ్మా, కోర్టు కాదు" అన్నాను. ఆ మాట అన్నందుకు నాకు నేనే ముచ్చటపడ్డాను కూడా.

పదమూడో రోజు

చలిగట్టు. నిన్న దిగి చూశాం. కొండ, దాని మీద మంచు, కొండ పొట్టలో తొలిచిన ఇళ్ళు. దిగేముందు అందరికీ దుప్పట్లు ఇచ్చారు. అక్కాచెల్లెళ్ళు రెండు దుప్పట్లు తీసుకుని ఒకదాని మీద ఒకటి వేసుకుని, ఆ రెండింటి కిందా ఇద్దరూ దూరి ఒక్క మనిషిలా నడిచారు. కొండ ఎక్కుతుంటే కాసులమ్మ జారింది, ఆమెతో పాటు ధనకొండా పడింది, ఇద్దరూ లేవలేక పడీ పడీ నవ్వారు. ఆ పూట కాసులమ్మ నవ్వు మొదటిసారి విన్నాను. అక్క గొంతు కన్నా పెద్దది.

ఈ రోజు తరగతిలో బోర్డు మీద రెండు గడులు గీసి, ఇటు ఉప్పులంక, అటు చలిగట్టు అని రాశాను. ధనకొండకి మోకాళ్ళ నొప్పులు, వేడి ఊరే హాయి. 'ఉప్పులంక ఈజ్ బెటర్ దేన్ చలిగట్టు' అంది, తొమ్మిది. కాసులమ్మ వంతు వచ్చింది. అక్క వైపు చూసింది, నా వైపు చూసింది, నా నియమం గుర్తొచ్చినట్టుంది. పెదాలు కదుపుతూ అక్క వాక్యాన్ని పట్టుకుని, అటుది ఇటు, ఇటుది అటు మార్చింది.

"చలిగట్టు ఈజ్ బెటర్ దేన్ ఉప్పులంక."

పదికి పది. ఈ ఓడలో ఇంతవరకు ఎవరికీ పది రాలేదు. నేను చప్పట్లు కొట్టాను, తరగతంతా కొట్టింది, ధనకొండ చెల్లెలి వీపు తట్టింది. కాసులమ్మ మొహం చూడాల్సింది. రుచి మరిగి అలాంటివే మరో ఆరు చెప్పింది, అక్క ఒకటంటే తను తలకిందులు చేస్తూ. ఉప్పులంక క్లీనర్ అని అక్క అంటే చలిగట్టు క్లీనర్ అని చెల్లెలు. ఎండుచేపల సంతలో రెండు తట్టల మధ్య పోటీలా సాగింది. నా పద్ధతి ఫలించిందని ఎంత పొంగిపోయానో చెప్పలేను.

పదిహేడో రోజు

రాతిరేవు. మా వాళ్ళు ఊరు చూడటానికి వెళ్ళారు, నేను హైమ దగ్గరికి వెళ్ళాను. రెండేళ్ళుగా ఇక్కడి విత్తనాల గిడ్డంగిలో పనిచేస్తోంది. ఈ రెండేళ్ళలో ఇది మూడో రోజు మేమిద్దరం కలిసి ఉన్నది. టీ పెట్టింది. గింజలు ఏరి ఏరి వేళ్ళ చివర్లు గట్టిపడిపోయాయి. ఈసారి కిటికీ ఉన్న గది ఇచ్చారని చూపించింది, మంచం ఏ గోడకి వేస్తే బాగుంటుందో నన్ను అడిగింది.

వరసగా మూడు బ్యాచ్‌లు పూర్తిగా స్థిరపడితే ఓడ మాస్టారికి దిగే అనుమతి ఇస్తారు. పూర్తిగా అంటే ఒక్కరు కూడా వెనక్కి రాకుండా. నావి రెండు అయ్యాయి, ఇది మూడోది. రెండో చుట్టులో మొదట చలిగట్టు, తర్వాత ఉప్పులంక, ఆఖరున రాతిరేవు. నేను కూడా వాళ్ళతో పాటే దిగొచ్చు. హైమ ఈ మాట ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. మంచం కిటికీ పక్కనే వేద్దామన్నాను.

పద్దెనిమిదో రోజు

పరీక్ష. ఒక్కొక్కరు చెవి ముందు నిలబడి మూడు ఊళ్ళ గురించి మూడు వాక్యాలు చెప్పాలి. నియమం అదే, వరసలో ముందున్న మనిషి చెప్పింది మళ్ళీ చెప్పకూడదు. అందరూ గట్టెక్కారు. వంటమనిషి సేమ్యా పాయసం చేశాడు. కాసులమ్మ తన గ్లాసు తెచ్చి నా చేతిలో పెట్టి, నేను తాగేదాకా కదలలేదు.

ఇరవయ్యో రోజు

కేటాయింపుల జాబితా పెట్టారు. భోజనాల గది తలుపు మీద, ఇరవై ఆరు పేర్లు, ఎదురుగా ఊరు. ధనకొండకి ఉప్పులంక. కాసులమ్మకి చలిగట్టు.

మొదట ఇద్దరికీ అర్థం కాలేదు. కాసులమ్మకి చదవడం రాదు కాబట్టి ధనకొండే రెండుసార్లు వేలు పెట్టి చదివింది. అచ్చుతప్పేమో, మాస్టారు కనుక్కుని చెప్తారంది. చెల్లెలు సరే అంది. ఇద్దరూ ఆ తలుపు దగ్గరే నిలబడి నాకోసం చూశారు. కనుక్కుంటానని చెప్పి వచ్చాను.

ఇరవై ఒకటో రోజు

నివాస విభాగం అధికారి జోసెఫిన్ గారి దగ్గరికి వెళ్ళాను. ఓడలో తెలుగు వచ్చిన అధికారి ఆమె ఒక్కరే, మర్యాదస్తురాలు. కుర్చీ వేసి కూర్చోబెట్టి నా కాంట్రాక్టు తీసి నాలుగో పేజీ చూపించారు. చెవి విన్న ప్రతి వాక్యమూ ఆ మనిషి సొంత ఇష్టంగా లెక్కకొస్తుంది. ఏ ఊరు బెటర్ అంటే ఆ ఊరు. ఇన్ని భాషల మనుషులని అడిగి రాసుకునే ఓపిక ఎవరికీ లేదు కాబట్టి ఇలా ఏర్పాటు చేశారు. కింద నా సంతకం ఉంది. మూడు బ్యాచ్‌లకీ మూడు సంతకాలు. ఒక్కసారి కూడా చదవలేదు.

అవి పాఠం కోసం చెప్పిన వాక్యాలు, నిజం కాదు అన్నాను.

"చక్రపాణి గారూ, మీ తరగతి కోసం చెవిని పెట్టలేదు. చెవి కోసమే మీ తరగతి పెట్టాం" అన్నారామె.

నా పాత బ్యాచ్‌లు గుర్తొచ్చాయి. అప్పుడు ఏనుగు ఎలక కన్నా పెద్దదని చెప్పించేవాణ్ణి, చెవికి ఏ ఊరి పేరూ దొరికేది కాదు, కుటుంబాలని కుటుంబాలుగానే దింపారు. ఊళ్ళని పాఠంలోకి తెచ్చింది నేను. వాక్యాలు వేరుగా ఉండాలని పట్టుబట్టింది నేను. ఎవరూ చెప్పమనలేదు.

జాబితా మార్చడం కుదరదట. ఒక దారి మాత్రం ఉందన్నారు. దిగేటప్పుడు గేటు దగ్గర ఇంకో చెవి ఉంటుంది. 'ఈ ఊరు పాత ఊరికన్నా బెటరేనా' అని అడుగుతుంది. ఎస్ అంటే గేటు తెరుచుకుంటుంది. నో అంటే ఆ మనిషిని ఓడలో తిరిగి శిబిరానికి తీసుకెళ్ళి వరస చివర నిలబెడతారు, మళ్ళీ పిలుపు రావడానికి రెండేళ్ళు. అప్పుడు అక్కాచెల్లెళ్ళిద్దరూ ఒకే ఊరు అడగొచ్చు. ఈ సంగతి ప్రయాణికులకి చెప్పాలా అని అడిగాను. చెప్పాలనీ లేదు, చెప్పకూడదనీ లేదు, ఎవరైనా వచ్చి అడిగితే మాత్రం తాను దాచనన్నారు. నేను లేస్తుంటే, ఒక్కరు వెనక్కి వచ్చినా బ్యాచ్ పూర్తయినట్టు కాదని మెల్లగా గుర్తు చేశారు. చెడ్డగా అనలేదు. నా గురించి ఆలోచించే అన్నారు.

అక్కాచెల్లెళ్ళు మెట్ల దగ్గర కూర్చుని ఉన్నారు. జాబితా మారదని చెప్పాను. ఇంకే దారీ లేదా అని ధనకొండ అడిగింది. లేదన్నాను.

ఆ షెడ్లు నేనూ చూశాను. వానకి కారతాయి, ఎండకి కాలతాయి. ధనకొండకి దగ్గు ఉంది. ఈ వయసులో ఇంకో రెండేళ్ళు అక్కడ పడి ఉండటం ఇద్దరికీ మంచిది కాదు. ఉత్తరాలైనా వెళ్తాయి కదా. వాళ్ళ మంచి కోసమే చెప్పలేదు.

ఇరవై నాలుగో రోజు

పాఠాలు అయిపోయాయి కానీ గేటు దగ్గర తడబడకుండా ఉండేందుకు రోజూ ఒక గంట సాధన చేయిస్తున్నాను. నేను చెవిలా గొంతు పెట్టి ప్రశ్న అడుగుతాను, వాళ్ళు 'ఎస్, బెటర్' అంటారు. కాసులమ్మ ఒక్కసారి కూడా తప్పు చెప్పడం లేదు. చెప్పేటప్పుడు నా మొహంలోకి చూస్తుంది, బాగుందా అన్నట్టు. బాగుందని తలూపుతున్నాను.

రోజుకి నాలుగుసార్లైనా చెప్పేద్దామనుకుంటున్నాను. నిన్న వాళ్ళు బట్టలు ఆరేస్తున్న చోటికి వెళ్ళి, గాలి గురించి మాట్లాడి వచ్చేశాను. సిగ్గుగా ఉంది.

ఇరవై ఏడో రోజు

చలిగట్టు. తొమ్మిది మంది దిగారు. కాసులమ్మ ఎనిమిదోది.

పొద్దున్నే ధనకొండ చెల్లెలికి తల దువ్వి జడ వేసింది. యాభై దాటిన మనిషికి జడేమిటని ఎవరో ఆటపట్టించబోయి ఊరుకున్నారు. దుప్పట్లు రెండూ చెల్లెలికే కప్పింది. గేటు దాకా పోనివ్వరు కాబట్టి ధనకొండ ఓడ మీదే నిలబడింది. నేను మాస్టారిని కాబట్టి గేటు దాకా వెళ్ళాను.

చెవి అడిగింది. కాసులమ్మ నా మొహంలోకి చూసింది. అప్పుడైనా తల అడ్డంగా ఊపి ఉంటే సరిపోయేది. ఆమెకి నో అనే మాట వచ్చు, మొదటి రోజే నేర్పాను. నేను ఊపలేదు.

"ఎస్, బెటర్" అంది.

గేటు తెరుచుకుంది. నాలుగడుగులు లోపలికి వేసి, అక్క వెనకే వస్తోందేమో చూసుకునే అలవాటు చొప్పున వెనక్కి తిరిగింది. గేటు అప్పటికే మూసుకుంటోంది. నేను ఓడలోకి వచ్చేసరికి ధనకొండ ఓడ అంచు కమ్మీ పట్టుకుని అలాగే ఉంది, ఏడవడం లేదు. కొండ పొట్టలోకి వెళ్ళే దారిలో తొమ్మిది మందిలో తన చెల్లెలు ఎవరో ఆనవాలు పట్టాలని చూస్తోంది. అందరూ ఒకే రంగు దుప్పట్లు కప్పుకున్నారు.

ఇరవై తొమ్మిదో రోజు

బోర్డు తుడుస్తుంటే ధనకొండ వచ్చి ముందు వరసలో తన చోట కూర్చుంది. రెండు రోజులుగా ఏమీ తినలేదని వంటమనిషి చెప్పాడు. ఏదో ఒకటి మాట్లాడాలి కాబట్టి మోకాళ్ళు ఎలా ఉన్నాయన్నాను.

"గేటు కాడ మా కాసులు నో అనుంటే ఏమయ్యేదండి?" అంది.

తెలీదని ఇంకో అబద్ధం చెప్పొచ్చు. నోటిదాకా వచ్చింది. ఎందుకో ఇక మింగుడుపడలేదు, ఉన్నదంతా చెప్పేశాను. గేటు, వరస, రెండేళ్ళు, ఇద్దరూ ఒకే ఊరు అడగొచ్చన్నది, అన్నీ. పాఠం కోసం చెప్పిన వాక్యాల వల్లే ఇలా జరిగిందనీ, అక్క చెప్పింది చెప్పొద్దని కాసులమ్మని అడ్డుకున్నది నేనేననీ చెప్పాను.

"తమరికి ఇది ఎప్పట్నించి తెలుసండి?"

ఇరవై ఒకటో రోజు నుంచి అన్నాను. ధనకొండ వేళ్ళ మీద లెక్కపెట్టుకుంది.

"ఆరు రోజులండి. ఆరు రోజులూ దానికి ఎస్ అనడం నేర్పారు."

క్షమించమని అడగడానికి కూడా మొహం చెల్లలేదు. ఆమె లేచి తలుపు దాకా వెళ్ళి, ఆగి, తను నో అంటే తననీ అలాగే వెనక్కి పంపిస్తారా అని అడిగింది. పంపిస్తారు, కానీ ఒంటరిగా అక్కడ రెండేళ్ళు ఉండాలి, అప్పుడు కూడా చలిగట్టే దొరుకుతుందన్న హామీ లేదు అన్నాను. ఈసారి ఏదీ దాచలేదు. ఆమె సరేనని తలూపి వెళ్ళిపోయింది.

ముప్పై రెండో రోజు

ఉప్పులంక. పదకొండు మంది దిగాలి, పది మంది దిగారు.

ధనకొండ అందరికన్నా చివర నిలబడింది. తన వెనక ఉన్నవాళ్ళెవరూ చూసి భయపడకూడదని అలా నిలబడిందని తర్వాత తెలిసింది. చెవి అడిగింది. ఆమె నా వైపు చూడలేదు.

"నో" అంది. పచ్చ దీపం వెలుగుతూనే ఉంది, ఇంకేమైనా చెప్తుందేమో అన్నట్టు. ఆమె గొంతు సవరించుకుని, "మై సిస్టర్ ఈజ్ నాట్ హియర్" అంది.

ఆ వాక్యం నేను నేర్పింది కాదు. నా పాఠాల్లో సిస్టర్ లేదు. ఎక్కడ ఏరుకుందో, ఎన్ని రోజులుగా ఒంటరిగా కూర్చుని అతికించుకుందో. గేటు తెరుచుకోలేదు. మూట చంకన పెట్టుకుని, కాళ్ళు కాలే ఇసుకలో నా ముందు నడుచుకుంటూ ఓడలోకి వచ్చేసింది. జోసెఫిన్ గారు కాగితం మీద ఏదో రాసుకుని, నన్ను చూసి కళ్ళు దించుకున్నారు. నా బ్యాచ్ పూర్తి కాలేదు. మళ్ళీ ఒకటి నుంచి మొదలు.

నాకు కోపం వచ్చిందని రాయాలి, రాయకపోతే ఇదీ అబద్ధమే. ఒక పూటంతా ఆ మనిషి మీద కోపంగా ఉన్నాను. కిటికీ పక్కన మంచం కనిపిస్తూనే ఉంది. సాయంత్రానికి ఆ కోపం ఎవరి మీద ఉండాలో వాళ్ళ మీదకి తిరిగింది.

ముప్పై నాలుగో రోజు

మధ్యాహ్నం పైఅంతస్తులో కూర్చుని ఈ పుస్తకం తిరగేస్తుంటే ధనకొండ వచ్చి కొంచెం దూరంగా కూర్చుంది. అందులో మా సంగతి ఉందా అని అడిగింది. ఉందన్నాను. చదవనిస్తారా అంది. ఇచ్చాను. ఇవ్వక చేసేదేముంది.

వేలు పెట్టి, పెదాలు కదుపుతూ, మొదటి పేజీ నుంచి చదివింది. ఉల్లిపాయల దగ్గర చిన్నగా నవ్వింది. చలిగట్టు కొండ మీద ఇద్దరూ జారిపడింది రెండుసార్లు చదివింది, అక్కడ కళ్ళు తుడుచుకుంది. ఎండ నా ఎడమ పక్క నుంచి కుడి పక్కకి వచ్చేదాకా చదువుతూనే ఉంది. నేను లేచి వెళ్ళలేదు.

కాసులమ్మకి ఉత్తరం రాయమంటే ఓడ దిగేలోపు రాసిపెడతాను, నిజమంతా రాస్తానన్నాను. ఆమె ఒప్పుకోలేదు.

"ఇప్పుడే ఏం సెప్పకండి. నేనొత్తానని తెలిత్తే రోజూ ఆ గేటు కాడే కూకుంటది. చలి."

తర్వాత పేజీలు వెనక్కి తిప్పి, ఇరవై ఒకటో రోజు దగ్గర ఆపి, ఒక వాక్యం కింద వేలు పెట్టి నా వైపు తిప్పింది. 'వాళ్ళ మంచి కోసమే చెప్పలేదు' అన్న వాక్యం.

"తతిమ్మాదంతా బానే రాసేరండి. ఇదొక్కటీ నిజం కాదు" అంది.

ఆమె మొహంలో కోపం లేదు. తూకంలో తేడా కనిపిస్తే చెప్పే మనిషి చెప్పినట్టే చెప్పింది. కలం తీసి ఆ వాక్యానికి అడ్డంగా గీత గీశాను. కింద ఏముందో చదవడానికి వీలుగానే గీశాను, పూర్తిగా చెరిపేయడం కూడా దాచడమే అనిపించింది. దాని పక్కన ఖాళీలో, హైమ దగ్గరికి వెళ్ళాలని చెప్పలేదు అని రాశాను. ఆమె అది కూడా వేలు పెట్టి చదివి, పుస్తకం నాకిచ్చి, కిందికి వెళ్ళిపోయింది.

రేపు పొద్దున రాతిరేవు. మిగిలిన ఆరుగురూ దిగుతారు. హైమ రేవులోకి వస్తుంది, నా పెట్టె మోయడానికి గిడ్డంగి నుంచి తోపుడు బండి అడిగి తెస్తానని పోయినసారే చెప్పింది. ఖాళీ చేతులతో గేటు బయట నిలబడి ఆమెకి ఇదంతా చెప్పాలి. వేళ్ళ మీద లెక్కపెట్టుకుంటుందేమో. చెప్పాక ఓడ ఎక్కాలి. శిబిరానికి పన్నెండు రోజుల ప్రయాణం, ప్రయాణికురాలు ఒక్కరే.